పద్నాలుగు రోజుల చామంతులు

నేను ఒక గాజు ఫ్లవర్‌వాజుని. మూరెడు ఎత్తు, సన్నటి మెడ, కింద కాస్త ఉబ్బిన పొట్ట. నన్ను చూసేవాళ్ళందరూ నా నోట్లో నిలబెట్టిన పూలనే చూస్తారు. పొట్టలోకి ఎవరూ చూడరు. మూడు రోజులు నీళ్ళు మార్చకపోతే అక్కడ ఏమవుతుందో నాకే తెలుసు. నీళ్ళలో మునిగిన ఆకులు ముందు నల్లబడతాయి, తర్వాత జావలా కరుగుతాయి. కాడల చివర చీమిడి లాంటి జిగురు పడుతుంది. నా గోడలకి పాచి కడుతుంది. పైన మాత్రం గులాబీలు ఎర్రగానే ఉంటాయి. వచ్చినవాళ్ళు వంగి వాసన చూసి, ఎంత బాగున్నాయండీ అంటారు. ఆ రెండింటికీ మధ్య నిలబడి బతికినదాన్ని కనుక మనుషులంటే నాకు మొదటినుంచీ కాస్త వెగటే. ఫణీంద్ర అనే పెద్దమనిషి వల్ల అది బాగా ముదిరింది.

నేను పుట్టింది ఫిరోజాబాదులో, ఒక కొలిమి పక్కన. ఇనుప గొట్టం చివర కరిగిన గాజుముద్దగా ఉన్న నన్ను ఒక ముసలాయన బుగ్గలు పూరించి ఊదాడు. ఆయన నోట్లో జర్దా ఉంది. నా లోపలికి వెళ్ళిన మొదటి గాలి అదే. గడ్డిలో చుట్టి లారీ ఎక్కించి రాజమండ్రి మెయిన్‌రోడ్డులో ఒక సామాన్ల కొట్టుకి చేర్చారు. అక్కడ నన్ను ఒక హోమియో డాక్టరు కొని, రోగులు కూర్చునే గదిలో ప్లాస్టిక్ గులాబీలు గుచ్చి పెట్టాడు. రెండేళ్ళు అక్కడ ఉన్నాను. బస్సు టిక్కెట్లు, వేరుశనగ తొక్కలు, పొట్లం కట్టిన కాగితాలు అన్నీ నాలో పడేసేవారు. ఒకాయన చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ప్లాస్టిక్ గులాబీలు పక్కకి జరిపి మరీ ఉమ్మేశాడు. చివరికి డాక్టరుగారి భార్య నన్ను సబ్బుతో తోమి, మెరుపు కాగితం చుట్టి, తెలిసినవాళ్ళ పెళ్ళిలో చదివించింది. కొత్తదాన్నే కొన్నామని చెప్పింది కూడా.

ఆ పెళ్ళికూతురు వకుళ. తుని పిల్ల, బీకాం చదివింది. పెళ్ళికొడుకు ఫణీంద్ర రాజమండ్రిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. దానవాయిపేటలో ఒక డాబా ఇంట్లో మేడ మీద వాటా అద్దెకి తీసుకుని కాపురం పెట్టారు. కింది వాటాలో ఇంటి యజమానురాలు సలోమమ్మ ఒక్కతే ఉండేది. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి.

మొదటి ఏడాది నేను అటక మీద అట్టపెట్టెలోనే ఉన్నాను. అందుకని మొదటిసారి జరిగింది చూడలేదు, విన్నాను. అతనేదో కాలేజీ సంగతి చెబుతున్నాడు. కుక్కరు కూత వేసింది. స్టవ్ ఆపడానికి వకుళ లేచింది. "నేను మాట్లాడుతుంటే లేచిపోతావా?" అన్న మాట, ఆ వెంటనే ఒక చప్పుడు వినబడ్డాయి. కంచం కింద పడిందేమో అనుకున్నాను. కంచం చప్పుడు అంత పొడిగా ఉండదు.

మర్నాడు మధ్యాహ్నం అతను పన్నెండు ఎర్ర గులాబీలు పట్టుకొచ్చాడు. అప్పుడే నన్ను కిందికి దించారు.

"కోపం వస్తే నేను మనిషిని కాను వకుళా. నీకు తెలుసుగా," అన్నాడు.

ఆమె ఎడమ చెంప వాచి ఉంది. నాలో నీళ్ళు పోసి, పూలకి కట్టిన రబ్బరుబాండు కూడా తీయకుండా దింపింది.

"కిటికీ దగ్గర పెట్టు. వీధిలోకి కనబడాలి," అన్నాడతను.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆ వీధిలో అంత మంచి మొగుడు లేడు. పొద్దున్నే లేచి కాఫీ తనే కలిపాడు. అటూ ఇటూ తిరుగుతూ ఆ పూల వంక చూసుకునేవాడు. చూసుకున్నప్పుడల్లా తను ఎంత మంచివాడో అతనికి గుర్తొచ్చేదనుకుంటాను. నాలో నీళ్ళు మాత్రం ఎవరూ మార్చలేదు. అయిదో రోజుకి రేకులు రాలాయి, వకుళ పూలు తీసి పారేసింది. ఎనిమిదో రోజున చొక్కా బొత్తాం ఊడిందని మళ్ళీ చెయ్యి లేచింది. తొమ్మిదో రోజున జెర్బెరాలు వచ్చాయి. వాటి కాడలు మెత్తన, మూడు రోజులకే కుళ్ళి మెడలు వాల్చేశాయి. అవి వచ్చిన ఆరో రోజున మళ్ళీ గొడవ. ఆ తర్వాత లిల్లీలు.

అప్పటికి వకుళకి ఒక లెక్క దొరికింది. నాలో పూలు ఉన్నన్నాళ్ళూ అతని చెయ్యి లేవలేదు. పూలు తీసేసిన రెండు మూడు రోజులకి లేచేది. తల్లికి ఫోను చేసి సగం సగం చెప్పింది. అవతలి మాట నాకూ వినబడింది.

"మీ నాన్న నాకు ఒక్క పువ్వు తెచ్చి ఎరగరే. అతను తెస్తున్నాడు కదా. కాస్త సర్దుకో."

వకుళ ఫోను పెట్టేసి, కుళ్ళిన లిల్లీలతోనే నన్ను చంకన పెట్టుకుని కిందికి దిగింది. సలోమమ్మ వరండాలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది.

"సలోమమ్మగారూ, పూలు ఎక్కువ రోజులు ఉండాలంటే ఏం చెయ్యాలండీ?"

సలోమమ్మ నన్ను వెలుతురుకి ఎత్తి చూసి మొహం చిట్లించింది. "ఈ నీళ్ళు నువ్వు తాగుతావా అమ్మాయ్?"

"అబ్బే, కంపు కొడుతున్నాయండీ."

"మరి అవి మాత్రం ఎలా తాగుతాయి? ఇంత పాచి పట్టాక కాడ రంధ్రాలు మూసుకుపోవూ? పూలు చచ్చేది వయసైపోయి కాదు, ఈ మురికికి. మా వార్డులో బంధువులు తెచ్చిన పూలు నేనే చూసుకునేదాన్ని. రా, చూపిస్తాను."

ఆవిడ ముందు నన్ను కడిగింది. పుట్టిన తర్వాత నన్ను అంత శుభ్రంగా కడిగినవాళ్ళు లేరు. సీసాలు తోమే బ్రష్షుతో మెడ లోపలంతా రుద్ది, బ్లీచింగు నీళ్ళతో తొలిచి, మళ్ళీ మంచినీళ్ళతో మూడుసార్లు కడిగి బోర్లించింది. బేసిన్‌లో నీళ్ళు పోసి, కాడని ఆ నీళ్ళలో ముంచి ఉంచే బ్లేడుతో ఏటవాలుగా కోసింది. బయట కోస్తే కాడలోకి గాలి దూరుతుందట, ఇక నీళ్ళు ఎక్కవట. నీళ్ళలో మునిగేంత మేర ఆకులన్నీ దూసేయాలి. రోజూ నీళ్ళు మార్చాలి. రెండు రోజులకొకసారి కాడ చివర అర అంగుళం కోయాలి. నీళ్ళలో చెంచా పంచదార, నాలుగు చుక్కల నిమ్మరసం వెయ్యాలి. ఫ్యాను కింద, ఎండలో పెట్టకూడదు. పండిన అరటిపళ్ళ పక్కన అసలే పెట్టకూడదు, ఆ గాలికి తొందరగా వాడిపోతాయి.

"నీకెన్ని రోజులు ఉండాలేంటి?" అంది సలోమమ్మ.

"ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళండీ."

సలోమమ్మ ఆమె చెంప వైపు చూసింది. ఏదో అడగబోయి, మళ్ళీ బేసిన్‌లోకి చెయ్యి పెట్టింది.

ఆ రోజు నుంచి నా బతుకు బాగుపడింది. నాకది సంతోషంగా ఉండాలి, కానీ లేదు. పొద్దున్నే నన్ను కడిగేటప్పుడు వకుళ ఒక్కో రేకూ వెతికి చూసేది. ఒక రేకు అంచు గోధుమరంగుకి తిరిగితే ఆమె మొహం పాలిపోయేది. ఆ రేకుని చటుక్కున గిల్లి కొంగున ముడివేసుకునేది, అతను కాలేజీ నుంచి వచ్చేలోపు. గులాబీలు తొమ్మిది రోజులు నిలిచాయి. తర్వాత పదకొండు. కడియం నుంచి వచ్చే తెల్ల చామంతులు పద్నాలుగు రోజులు నిలిచాయి. ఆ సాయంత్రం అతనితో, "నాకు చామంతులంటే ఇష్టమండీ. ఈసారి అవే తీసుకురండి," అంది. ఆమెకి చామంతి వాసన పడదు. కడిగేటప్పుడు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోవడం రోజూ చూసేదాన్ని. ఈసారి అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. అతను మాత్రం అభిమానంగా నవ్వి, "అలాగే," అన్నాడు. నా గాజు చిట్లకపోవడం నాకే ఆశ్చర్యం.

ఇంటికి ఎవరొచ్చినా అతను నన్ను చూపించి పాఠం చెప్పేవాడు. కేశనాళికల గురించి, కాడలో నీళ్ళు ఎక్కే సూత్రం గురించి. ఒక రోజున తలనొప్పి మాత్ర తెచ్చి నాలో వేసి, "సైన్సు వకుళా, సైన్సు," అన్నాడు. మాత్ర అడుగున తెల్లగా కరిగి బురదలా కూర్చుంది. అతను వెళ్ళాక వకుళ ఆ నీళ్ళు పారబోసి నన్ను మళ్ళీ కడిగింది. పన్నెండు రోజుల పూలని చూసి వచ్చినవాళ్ళు అతన్నే మెచ్చుకున్నారు. "మా ఆయనకి పూలంటే కూరలో వేసే అరటిపువ్వే తెలుసు. అదృష్టవంతురాలివమ్మా," అని ఆ వీధి మహిళా సంఘం కార్యదర్శి సుభాషిణి వకుళ బుగ్గ పుణికింది. పోయిన నెల వాచిన బుగ్గే అది.

ఆ సుభాషిణే ఒక ఆదివారం కమ్యూనిటీ హాలులో ప్రదర్శన పెట్టింది. కోసిన పూలు ఇంట్లో ఎక్కువ రోజులు నిలబెట్టుకోవడం ఎలాగో వకుళ అందరికీ చేసి చూపించాలి. ఫణీంద్ర ఉబ్బిపోయి తనే ఒప్పుకున్నాడు.

ఆ ఆదివారానికి మూడు రోజుల ముందు వకుళ లెక్క తప్పింది. నాలో చామంతులకి అది ఆరో రోజు. నీళ్ళు పొద్దున్నే మార్చినవి. ఒక్క రేకు వాడలేదు. ఇస్త్రీకి ఇచ్చిన చొక్కా ఇంకా రాలేదని అతను అడిగాడు. ఆమె, "సాయంత్రానికి ఇస్తానన్నాడండీ," అంది. అంతే. ఆమె మోచేతి పైన పట్టుకుని మెలిపెట్టి, కిటికీ పక్క గోడకి అదిమాడు. నాకు జానెడు దూరంలో. అంత దగ్గరగా అతని మొహం ఎప్పుడూ చూడలేదు. కోపం తక్కువే ఉంది. ఎక్కువ ఉన్నది తీరిక. ఆమె కళ్ళు అతని మీద లేవు, చామంతుల మీద ఉన్నాయి. అవి బాగానే ఉన్నాయి కదా అన్నట్టు చూస్తోంది.

మర్నాడు అతను కొత్త చామంతులు తెచ్చాడు. ఆమె వంటింట్లోంచి వచ్చేలోపు నాలో ఉన్నవాటిని గుప్పిటతో పెరికి చెత్తబుట్టలో పడేసి, కొత్తవి కూరాడు. రబ్బరుబాండుతో, ఆకులతో, తెల్లారి పోసిన నీళ్ళలోనే. వకుళ వచ్చి చెత్తబుట్ట ముందు నిలబడింది. బంగాళదుంప తొక్కుల మీద, టీపొడి మీద, తలలెత్తుకునే ఉన్నాయి ఆ పూలు. ఇంకో వారం నిలిచేవి.

"అవి బాగానే ఉన్నాయి కదండీ," అంది.

"కొత్తవి తెచ్చాను కదా," అన్నాడు. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

ఆమె నా దగ్గరికి వచ్చింది. నీళ్ళు మార్చలేదు. ఆ తర్వాత రెండు రోజులూ నా వైపు రాలేదు. నాలో పాచి మొదలైంది, వాసన లేచింది. వెగటుగానే ఉన్నా, మొదటిసారి ఆ కంపు ఆ ఇంటికి తగినట్టు అనిపించింది.

ఆదివారం నన్ను ఫణీంద్రే హాలుకి మోసుకొచ్చాడు. ముప్ఫై మంది దాకా ఆడవాళ్ళు, నలుగురైదుగురు మగవాళ్ళు ఉన్నారు. అతను తన కాలేజీ వాళ్ళిద్దరితో రెండో వరసలో కూర్చున్నాడు. సలోమమ్మ గోడ పక్కన కుర్చీలో ఉంది. వకుళ పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది, మే నెల ఎండలో. బల్ల మీద నేను, ఒక బేసిన్ నీళ్ళు, బ్లేడు, పంచదార డబ్బా, రెండు కట్టల పూలు.

సుభాషిణి పరిచయం చేసింది. వకుళ లేచి ముందు నన్ను చూపించింది.

"ఇందులో నీళ్ళు మూడు రోజులవి. దగ్గరికొచ్చి వాసన చూడండి."

ముందు వరసలో ఒకావిడ వచ్చి చూసి కొంగుతో ముక్కు మూసుకుంది. కొందరు నవ్వారు. ఫణీంద్ర ముఖం చిట్లించాడు. వకుళ నీళ్ళు పారబోసి, నన్ను తోమి, అందరికీ కనబడేలా పెట్టింది. తర్వాత ఒక కాడ, బ్లేడు తీసుకుంది.

"కాడని నీళ్ళ లోపలే కొయ్యాలండీ. చెయ్యి మోచేతిదాకా ముంచాలి."

చెయ్యి బేసిన్ మీదికి తెచ్చి ఆగింది. జాకెట్టు చెయ్యి మణికట్టు దాకా ఉంది. తడిసిపోతుంది. ఆమె అలా నిలబడిపోవడం నేనే కాదు, హాలంతా చూసింది. అప్పుడు బ్లేడు పక్కన పెట్టి, కుడి చేతి జాకెట్టుని మెల్లగా పైకి మడిచింది. ఒక మడత, రెండు, మూడు. మోచేతి పైన నాలుగు వేళ్ళ గుర్తులు నల్లగా, చుట్టూ పచ్చగా కమిలి ఉన్నాయి.

సుభాషిణే ముందు తేరుకుంది. "అయ్యయ్యో, తలుపు గానీ తగిలిందేంటమ్మా?" అంది. అబద్ధం ఆవిడే అల్లి చేతికి అందించింది. తీసుకుంటే సరిపోయేది.

"తలుపు కాదండీ. ఆయన చెయ్యి," అంది వకుళ.

తర్వాత కాడని నీళ్ళలో ముంచి, "ఇదిగో, ఇలా ఏటవాలుగా," అని కోసింది. ఇంకో కాడ తీసుకుంది. "కొట్టిన మర్నాడు పూలు తెస్తారు. పూలున్నన్నాళ్ళూ కొట్టరనుకున్నాను. అందుకే ఇవన్నీ నేర్చుకున్నాను. మొన్న ఆరో రోజునే కొట్టారు. పూలు బాగానే ఉన్నాయి."

ఎవరి కాళ్ళ వైపు వాళ్ళు చూసుకున్నారు. అప్పుడు నాలుగో వరసలోంచి రత్నమాణిక్యం అనే ఆవిడ సన్నటి గొంతుతో, "పంచదార బదులు సోడా పోస్తే పనికొస్తుందాండీ?" అని అడిగింది. మనుషుల మీద నాకున్న అసహ్యానికి ఇక అవధి లేదనుకున్నాను ఆ క్షణాన.

ఫణీంద్ర లేచి నవ్వాడు. "ఎండ దెబ్బ తగిలినట్టుంది. ఒంట్లో బాగాలేదు తనకి. పద వకుళా, ఇంటికెళ్దాం." వచ్చి ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆ మచ్చ ఉన్న చెయ్యే.

సలోమమ్మ అప్పటికే లేచి వచ్చి మధ్యలో నిలబడింది. పొట్టి మనిషి, అతని భుజానికి కూడా రాదు.

"ముట్టుకోకండి. ఆ అమ్మాయి మా ఇంటికి వస్తుంది."

"ఇది మా భార్యాభర్తల విషయం, సలోమమ్మగారూ."

"ఆ దెబ్బలకి పెట్టే పేర్లన్నీ నాకు తెలుసు బాబూ. ముప్ఫై ఏళ్ళు కేసుషీటు మీద రాశాను. జారి పడింది, మెట్టు తగిలింది, తలుపు తగిలింది." ఆవిడ వకుళ వైపు తిరిగింది. "నువ్వు పూల గురించి అడిగిన రోజునే అడగాల్సిందమ్మాయ్. తెలిసి కూడా పూల సంగతే చెప్పాను. నా తప్పే."

వకుళ చెయ్యి తుడుచుకుని ఆవిడ వెంట నడిచింది. సలోమమ్మకి నిలవ నీళ్ళు చూస్తే ఊరుకోలేని అలవాటు. వెళుతూ వెళుతూ బేసిన్‌లో నీళ్ళు బయట పారబోసి, నన్ను చంకన పెట్టుకుంది.

మర్నాడు ఇద్దరూ మహిళా పోలీసు స్టేషనుకి వెళ్ళి ఫిర్యాదు రాసి ఇచ్చారు. సాక్షులు కావాలన్నారట. సుభాషిణి తన భర్తకి ఇష్టం లేదంది. సాయంత్రం వరండాలోకి ఎవరో వచ్చారు. చూస్తే రత్నమాణిక్యం.

"సంతకం పెడతానండీ," అంది. "అప్పుడు సోడా గురించి అడిగానండీ. నోట్లోంచి ఏ మాట రావాలో తెలియక అదొచ్చింది. రాత్రంతా నిద్ర లేదు నాకు."

వకుళ ఆవిడకి కుర్చీ వేసింది. ఆవిడ గురించి నేను అనుకున్నది తప్పని ఒప్పుకోవాలి. మనుషుల విషయంలో నాకు అలాంటిది ఎక్కువసార్లు జరగలేదు.

సలోమమ్మ తనకి తెలిసిన ఒక మేట్రను ద్వారా కాకినాడలో నర్సింగు విద్యార్థినుల హాస్టల్లో వకుళకి లెక్కలు చూసే ఉద్యోగం మాట్లాడింది. పై సోమవారం చేరాలి. శనివారం పొద్దున, తొమ్మిది గంటలకి ఫణీంద్ర మేడ మెట్లు దిగి కింది వరండా ముందుకి వచ్చాడు. రెండు చేతుల్లోనూ పట్టనన్ని చామంతులు. తెల్లవి, పచ్చవి, ఊదావి. గడ్డం గీసుకోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు లేకుండా నేను బతకలేను. ఫిర్యాదు వెనక్కి తీసుకో. ఇంకెప్పుడూ చెయ్యి ఎత్తను," అన్నాడు.

వకుళ గుమ్మంలో నిలబడి ఉంది. నేను పక్కనే పిట్టగోడ మీద, కడిగి బోర్లించి ఉన్నాను. ఆమె చెయ్యి చాస్తే అందుతాను. కుళాయి రెండడుగుల దూరం.

ఆమె పూలు తీసుకుంది. అతని మొహంలో వెలుగు రావడం చూశాను. ఆ వెలుగు నాకు బాగా తెలుసు, కిటికీ దగ్గర ఎన్నోసార్లు చూసిందే. ఆమె మెట్టు దిగి, ఎండ పడుతున్న గచ్చు మీద ఆ పూలన్నీ పరిచి, మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

అతను పూల వంక చూశాడు. "నీళ్ళలో పెట్టవా?" అన్నాడు.

"పెట్టను."

"వాడిపోతాయి వకుళా."

"వాడిపోనివ్వండి."

అతను అక్కడే నిలబడ్డాడు, ఆమె మనసు మారి నన్ను అందుకుంటుందని. ఆమె లోపలికి వెళ్ళి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. పెట్టె మూత వేసిన చప్పుడు విని అతను వెళ్ళిపోయాడు. మే నెల గచ్చు అది. పదకొండు గంటలకల్లా కాడలు మెత్తబడి, రేకులు ముడుచుకుపోయాయి. మధ్యాహ్నానికి సలోమమ్మ చీపురు తెచ్చి వాటిని ఊడ్చేసింది.

ఇప్పుడు నేను ఆవిడ వంటింట్లో గరిటెలు పెట్టుకునే పాత్రని. పొడిగా ఉంటాను, పాచి లేదు. ఎన్నో పూలు చావడం దగ్గరుండి చూశాను. అంత తొందరగా చావవలసిన పూలు మాత్రం అవే.